తగ్గిందని ఆపేసిన మాత్ర

మా ఊళ్ళో నన్ను చదువుకున్న రైతు అనేవారు. నరసరావుపేటలో బి.ఏ. చదివి, ఉద్యోగం రాక, వెనక్కి వచ్చి పత్తి వేసుకున్నవాణ్ణి అలా అనడం గౌరవమో వెక్కిరింతో నాకిప్పటికీ తేలలేదు. అప్పట్లో మాత్రం గౌరవమనే అనుకున్నాను. చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే దారిలో ఏ ఊరు చూసినా పత్తి, మిరప తప్ప మరో పైరు కనబడని రోజులవి. కొత్తకొత్త పురుగుమందులు వస్తుండేవి. డబ్బా మీది ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి మా వీధిలో నేనొక్కణ్ణే. పొద్దున్నే మా అరుగు మీద నలుగురైదుగురు డబ్బాలు పట్టుకుని కూర్చునేవారు.

"ఒరేయ్, ట్యాంకుకి ఎన్ని మూతలు పొయ్యమంటావురా?"

డబ్బా మీద ఒక మూత అని ఉంటే నేను రెండు అనేవాణ్ణి. నా శాస్త్రం చాలా చిన్నది. పొద్దున కొడితే సాయంత్రానికి పురుగు రాలి కింద పడాలి. పడకపోతే మోతాదు చాలలేదన్నమాట. పురుగు కనబడడం మానేస్తే కొట్టడం ఆపెయ్యాలి. పదిహేను రోజులకోసారి కొడుతూనే ఉండాలని డబ్బా మీద రాసి ఉంటే, అది కంపెనీవాడు అమ్ముకోవడానికి రాసుకున్నదని నవ్వేవాణ్ణి. ఊరంతా నాతోపాటు నవ్వేది.

ఈ శాస్త్రాన్నే నేను నా భార్య మీద ప్రయోగించాను. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను.

ఆమె మా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ నన్ను బావా అని, మా అమ్మని అత్తా అని పిలిచిన పిల్లే నాకు పెళ్ళామై వచ్చింది. మిరపకాయల కోతలో ఆమె గొంతు మూడు చేలవతలకి వినిపించేది. కూలీలతో సమానంగా కోసేది, వాళ్ళకన్నా ఎక్కువగా తిట్టేది, అందరికన్నా ముందు నవ్వేది. అలాంటి మనిషి ఎనభైల నడుమ ఒక ఎండాకాలంలో మాట్లాడడం మానేసింది.

కల్లంలో కాయలు ఎండుతున్నాయి. ఆడవాళ్ళు తాలుకాయలు ఏరుతున్నారు. ఆమె కూడా ఏరుతూ కూర్చుంది, కానీ మంచి కాయా తాలుకాయా రెండూ ఒకే కుప్పలో వేస్తోంది. పక్కావిడ చూపిస్తే, చేతిలో కాయ పట్టుకుని అలాగే ఉండిపోయిందట. ఆ రోజు నుంచి అన్నం కలుపుకుని తినకుండా కంచం ముందు కూర్చునేది. తెల్లవారుజామునే మెలకువ వచ్చి గోడకేసి చూస్తుండేది. బస్సు హారన్ మోగితే చేతులు వణికేవి. పిల్లలు బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే గుండె దడ అని నేల మీద పడుకునేది. పిల్లలు వచ్చి ఎదురుగా నిలబడ్డా ఆ దడ తగ్గేది కాదు.

"నీకేం తక్కువ చేశాను?" అని అడిగాను. మొగుళ్ళందరూ అడిగే మొదటి ప్రశ్న అదే. ఆమె చాలాసేపు ఆలోచించి, "ఏం తక్కువ చెయ్యలేదు బావా" అంది. నాకు కోపం వచ్చింది. ఏదో ఒక కారణం చెప్పి ఉంటే దాన్ని పట్టుకుని సరిచేసేవాణ్ణి, లేదా దాని మీద పోట్లాడేవాణ్ణి. కారణం లేని కష్టాన్ని మా ఊరు క్షమించదు. నేనూ ఊరివాణ్ణే.

ఆర్.ఎం.పి. డాక్టరు బలానికని సూదులు వేశాడు, రెండు సెలైన్లు ఎక్కించాడు. మా అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టింది. నెలన్నర గడిచింది. మనిషి సగమైంది. చివరికి గుంటూరులో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నరాల డాక్టరు అన్నది మేం పెట్టుకున్న పేరు. ఆయన పిచ్చికి కూడా మందిస్తాడని అందరికీ తెలుసు కాబట్టి, బస్సులో ఎవరైనా అడిగితే కాళ్ళ తిమ్మిర్లని చెప్పాం.

డాక్టరు సన్నగా, విసుగు మొహంతో ఉన్నాడు. ఆమెని నాలుగు ప్రశ్నలడిగి, ఆమె జవాబు వెతుక్కుంటుంటే నావైపు తిరిగి మిగతావన్నీ నన్నే అడిగాడు. ఇది దిగులు జబ్బు, దానికి తోడు భయం, రెండింటికీ ఇదే మందు అన్నాడు. చిన్న మాత్ర. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎవడో ఒకడు షాపుకెళ్ళి అదే పేరు చెప్పి కొనుక్కుంటాడు, మా జనం సంగతి నాకు తెలుసు.

"రాత్రి పడుకునే ముందు ఒక్కటి. రెండు మూడు వారాల దాకా గుణం కనబడదు, తొందరపడొద్దు. నోరు ఎండిపోతుంది, మగతగా ఉంటుంది, మలబద్ధకం రావచ్చు. పొద్దున ఒక్కసారిగా లేవొద్దు, కళ్ళు తిరుగుతాయి. మీకై మీరు పెంచొద్దు, తగ్గించొద్దు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఆపాలంటే నేను ఆపిస్తాను, మెల్లిగా. ఇంకో మాట. ఇవి ఎక్కువ మింగితే ప్రాణానికే ప్రమాదం. కాబట్టి మాత్రలు ఆవిడ చేతికివ్వకుండా మీ దగ్గర దాచండి. రోజూ ఒకటి మీరే ఇవ్వండి. చదువుకున్నవారు, మీకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు."

ఆ చివరి మాటొక్కటే నా చెవికి బాగా ఎక్కింది.

ఇంటికి రాగానే మాత్రల్ని ట్రంకు పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను. రోజూ భోజనాలయ్యాక పెట్టె తెరిచి ఒక మాత్ర ఆమె అరచేతిలో పెట్టేవాణ్ణి. ఆ పని చేస్తున్నప్పుడు నేనేదో గొప్ప మొగుణ్ణి అనిపించేది. మూడో రోజుకే ఆమెకి నోరు ఎండిపోవడం మొదలైంది. మా అమ్మ, "చూశావురా, వేడి మందు. దీనికి పథ్యం ఉండాలి" అని వంకాయా, గోంగూరా మాన్పించి మజ్జిగ తాగించింది. డాక్టరు పథ్యం ఏమీ చెప్పలేదని నేను అమ్మని వెక్కిరించాను.

పది రోజులు చూశాను. పురుగు రాలలేదు. ఆమె అలాగే గోడకేసి చూస్తోంది. రెండు మూడు వారాలు అని డాక్టరు చెప్పిన మాట గుర్తుంది. కానీ పదకొండో రోజు నా చెయ్యి దానంతటదే రెండు మాత్రలు తీసింది. ఆమె అరచేతిలో రెండూ చూసి, "ఒకటే కదా బావా?" అంది.

"మోతాదు చాలడం లేదే. వేసుకో."

మర్నాడు పొద్దున మంచం మీంచి లేచి రెండడుగులు వేసి, గుమ్మం దగ్గర పడిపోయింది. గడప తగిలి కనుబొమ చిట్లింది. మాట ముద్దముద్దగా వచ్చింది. మధ్యాహ్నం దాకా నన్ను పోల్చుకోలేనట్టు చూసింది. మళ్ళీ గుంటూరు పరుగెత్తాం. డాక్టరు గాయం చూసి, నన్ను చూసి, "మీరు ఏం చేస్తుంటారు?" అని అడిగాడు. వ్యవసాయం అన్నాను. "మీ పైరుకి మీరు డాక్టరు, ఈవిడకి నేను. సరేనా?" అన్నాడు. సరే అన్నాను. తిట్లు తిన్నవాడు ఆ పూటకి సరే అనకుండా ఎక్కడికి పోతాడు?

మళ్ళీ ఒక్క మాత్ర మొదలైంది. తర్వాత డాక్టరే మెల్లిగా పెంచాడు. నెల దాటాక ఒక సాయంత్రం వీధిలో కేకలు వినిపించాయి. బయటికి వచ్చి చూస్తే, ఆమె కూరగాయల బండివాణ్ణి పట్టుకుని దులిపేస్తోంది. "పుచ్చు బెండకాయలు అంటగట్టడానికి మా ఇల్లే దొరికిందా నీకు?" అంటూ. వాడు దండాలు పెడుతున్నాడు. ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. మా అమ్మ లోపల పటాల ముందు దీపం పెట్టింది. పిల్లలు ఆ వేళ అమ్మ పక్కన పడుకుంటామని పోట్లాడుకున్నారు.

ఆ వారమే నేను మాత్ర ఆపేశాను.

పైరు శుభ్రంగా ఉంటే మందు కొట్టేవాడు వెర్రివాడు. నాకు తెలిసింది అదే. తగ్గాక కూడా ఆరు నెలలు వాడాలన్న మాట డబ్బా మీద కంపెనీవాడు రాసిన మాటలాగే తోచింది. పైగా ఊళ్ళో గుసగుసలు. ఎన్నాళ్ళని కాళ్ళ తిమ్మిర్లని చెబుతాం? రెండు రోజులు ఆమె ఏమీ అనలేదు. మూడో రోజు వచ్చి చెయ్యి చాపింది.

"మాత్ర ఇవ్వు బావా."

"ఇంకెందుకే? తగ్గిందిగా."

"ఆపొద్దన్నాడు కదా డాక్టరు."

"వాడలాగే అంటాడు. అలవాటు పడితే జన్మంతా మింగాలి. నీకేం జబ్బు లేదు. నాలుగు రోజులు ఓపిక పట్టు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడితో ఎవరు వాదిస్తారు? చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని వెళ్ళిపోయింది. నాలుగైదు రోజులు కడుపులో తిప్పుతోందనీ, నిద్ర పట్టడం లేదనీ అంది. చూశావా, అప్పుడే అలవాటైంది, మంచి పని చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను. అది అలవాటు కాదనీ, ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు అలాగే తిరగబడుతుందనీ, అందుకే మెల్లిగా దించాలనీ తర్వాత డాక్టరు చెప్పాడు. చెప్పించుకోవలసిన సమయంలో నేను వెళ్ళి అడగలేదు.

సరిగ్గా అప్పుడే పత్తికి పచ్చపురుగు తగిలింది. నేను తెల్లారి చేలోకి పోతే చీకటి పడ్డాక వచ్చేవాణ్ణి. చిలకలూరిపేట నుంచి పురుగుమందు డబ్బాలు తెచ్చి, ఎప్పటిలాగే నడింట్లో మంచం కిందికి తోశాను. కొట్టం కురుస్తుంది, బయట పెడితే ఎవడో ఎత్తుకుపోతాడు. మా ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా అంతే. పిల్లలు ఆ మంచం మీదే కూర్చుని చదువుకునేవారు. ఆ వాసన మాకు పత్తి కాలం వాసన, అంతే. వాడని మాత్రలు మాత్రం పెట్టెలో తాళం కిందే ఉన్నాయి. తాళంచెవి నా మొలకే ఉంది.

ఆమె మళ్ళీ మాటలు తగ్గించింది. నేను చూడలేదని చెప్పను, చూశాను. పని ఒత్తిడి తగ్గాక గుంటూరు వెళ్దామనుకున్నాను. పత్తి రైతుకి పని ఒత్తిడి ఎప్పుడు తగ్గుతుందో అందరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం చేలో ఉన్నాను. మూతికి తువ్వాలు కట్టుకుని నేనూ, ఇద్దరు కూలీలూ మందు కొడుతున్నాం. ఆమె అన్నం క్యారేజీ పట్టుకుని గట్టు మీదికి వచ్చింది. రోజూ క్యారేజీ తెచ్చేది పాలేరు. ఇవాళ తనొచ్చిందేమిటని దగ్గరికి వెళ్ళాను.

"బావా, ఆ మంచం కింద డబ్బాలు ఇంట్లోంచి తీసెయ్."

"ఎందుకు?"

"నాకు భయంగా ఉంది."

"దేనికే భయం?"

ఆమె క్యారేజీ కింద పెట్టింది. "నేనంటేనే నాకు భయంగా ఉంది బావా" అంది.

ఇప్పుడు ఈ మాట రాస్తుంటే నా వేళ్ళు ఆగుతున్నాయి. అప్పుడు విన్నవాడికి మాత్రం విసుగొచ్చింది. అప్పుడే ట్యాంకుల్లో మందు కలిపి ఉంచాం. కలిపిన మందు ఆ పూటే కొట్టాలి, లేకపోతే పారబొయ్యాలి. కూలీలు చూస్తున్నారు. "సాయంత్రం చూద్దాంలే, ఇంటికి పో" అన్నాను.

"ఇంటికి పోను. నువ్వు వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటా" అంది. ఆ ఎండలోనే గట్టు మీద కూర్చుంది.

నేను వెళ్ళి ట్యాంకు భుజానికెత్తుకున్నాను. అది అయ్యాక రెండోది ఎత్తుకున్నాను. అదీ కొట్టి వెనక్కి తిరిగి చూస్తే, ఆమె మోకాళ్ళు కౌగిలించుకుని అలాగే కూర్చుని ఉంది. గాలి మా వైపు నుంచి ఆమె మీదికే వీస్తోంది. కొంగు కూడా ముక్కుకి అడ్డం పెట్టుకోలేదు. అప్పుడు గాని ఆమె అన్న మాట నాకు ఎక్కలేదు. ట్యాంకు అక్కడే వదిలేసి వెళ్ళి ఆమె పక్కన కూలబడ్డాను.

"ఎన్నాళ్ళ నుంచే?"

"నువ్వు మాత్ర ఆపిన పదో రోజు నుంచి."

"నాకు చెప్పొచ్చు కదా!"

"రోజూ ఆ మంచం కింద ఊడ్చేది నేనే కదా బావా. డబ్బాలు పక్కకి జరిపి, ఊడ్చి, మళ్ళీ పెట్టేస్తున్నా. ఇవాళ పెట్టబుద్ధి కాలేదు. అందుకే వచ్చా."

రోజూ. ఒంటరిగా, చీపురు చేతిలో పెట్టుకుని ఆమె ఆ పోరాటం చేసి గెలుస్తుంటే, నేను తాళంచెవి మొలకి కట్టుకుని చేలో పురుగులతో యుద్ధం చేస్తున్నాను. పెట్టెలో భద్రంగా దాచిందేమో ఆమెని బతికించే మందు. ఇంత తెలివి నరసరావుపేటలో నేర్పలేదు, నేనే సంపాదించుకున్నాను.

ఆ సాయంత్రమే డబ్బాలన్నీ చేలోకి మోసి, మోటారు గదిలో పెట్టి తాళం వేశాను. మర్నాడు మొదటి బస్సుకి గుంటూరు వెళ్ళాం. డాక్టరు అంతా విని కలం కింద పెట్టాడు. నన్ను తిడతాడని ఎదురుచూశాను. ఆయన ఆమెవైపు తిరిగి, "అమ్మా, ఇన్నాళ్ళూ నేను ఈయనతో మాట్లాడాను. మీతో మాట్లాడవలసింది. అది నా తప్పు" అన్నాడు. మీ ఇంట్లో పురుగుమందు ఎక్కడ పెడతారని తను అడిగి ఉండవలసిందని కూడా అన్నాడు. అలాంటి ఆలోచన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరికి వెంటనే చెప్పాలని, నిన్న గట్టు మీదికి వచ్చి ఆమె చేసింది సరైన పని అని చెప్పాడు. చివర్లో, మాత్రలు ఎవరి దగ్గర ఉంచమంటారని ఆమెనే అడిగాడు.

ఆమె నావైపు చూడకుండా, "మా అత్త దగ్గర" అంది.

మా అమ్మకి అక్షరం ముక్క రాదు. వేడి మందని మజ్జిగ తాగించడం మానలేదు. కానీ పదకొండు నెలలు, ఒక్క రోజు తప్పకుండా, నోము పట్టినదానిలా వేళకి ఒక మాత్ర తీసి కోడలి చేతిలో పెట్టింది. ఒకటి అంటే ఒకటే. వారానికోసారి నేను వెళ్ళి మిగిలిన మాత్రలు లెక్క చూస్తానంటే, "నువ్వు ముట్టుకోకురా" అని చీరకొంగు ముడి బిగించుకునేది. నీకు ఇంత శ్రద్ధ ఎలా వచ్చిందే అని అడిగితే, "నాకేం తెలుసురా? తెలియదు కాబట్టి ఆయన చెప్పినట్టు చేశా" అంది. ఆఖర్న మూడు నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించి, డాక్టరే ఆపించాడు.

మాత్ర ఆపాక జబ్బు మళ్ళీ రాలేదు. అయితే నన్ను ఆమె ఇదివరకటిలా నమ్మడం కూడా మళ్ళీ రాలేదు. పిల్లలకి జ్వరం వస్తే నాతో చెప్పకుండా వాళ్ళ నాయనమ్మని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళేది. నేను ఏం మొహం పెట్టుకుని అడగను? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాణ్ణి.

రెండేళ్ళు పోయాక, అద్దంకి వైపు నుంచి మా దూరపు బంధువులు, మొగుడూ పెళ్ళాం, మా ఇంటికి వచ్చారు. ఆ అమ్మాయికి ఇదే జబ్బు, ఇలాంటి మందే. గుణం కనిపించిందట. "తగ్గింది కదా, ఇక ఆపేద్దామనుకుంటున్నా బావగారూ" అన్నాడు అతను నాతో. చాలా తెలివైనవాడు, నాలాగే. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది. తనకి జరిగింది దాచకుండా చెప్పింది. మాత్ర ఆపడం, దిగులు తిరగబడడం, డబ్బాలు, అన్నీ. మా ఊళ్ళో ఏ ఆడదీ నలుగురిలో చెప్పుకోని మాటలవి. చివరికి గట్టు దగ్గరికి వచ్చింది.

"నేనలా అన్నానో లేదో, మా బావ ట్యాంకు అక్కడే పారేసి ఇంటికి పరిగెత్తాడు. ఆ పూట మందంతా పారబోశాడు. ఒక్క నిమిషం ఆగలేదు" అంది.

నేను తలొంచుకుని కూర్చున్నాను. అతను నావైపు గౌరవంగా చూశాడు. ఆ చూపుని నేను కాదనలేదు.

వాళ్ళు వెళ్ళాక వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాను. "ఆ రోజు సంగతి నీకు సరిగ్గా గుర్తులేదా?"

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చాట మీంచి తలెత్తలేదు.

"రెండు ట్యాంకులు కొట్టొచ్చావు. గట్టు మీద లెక్కపెట్టుకుంటూనే కూర్చున్నా."

"మరి అలా ఎందుకు చెప్పావే?"

"ఆ పిల్ల మొగుడు పక్కనే కూర్చుని వింటున్నాడుగా బావా. రేపు ఆ పిల్ల వెళ్ళి అడిగితే, వాడైనా పరిగెత్తాలి కదా."